మెరుగు పెట్టే యంత్రం

పిల్లలూ, ఈ రాత్రి ఒక చిన్న పని చేసి చూడండి. ఇంట్లో చాలా రోజులుగా వాడుతున్న స్టీలు పళ్ళెం ఒకటి తెచ్చి, దీపం వెలుగు దానిలో కనబడేటట్టు పట్టుకోండి. ఆ వెలుగు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు గుండ్రంగా కనిపిస్తాయి. ఇప్పుడు పళ్ళేన్ని మెల్లగా పక్కకు జరపండి. సాలెగూడు వెలుగును వదలకుండా దాని చుట్టూనే ఉంటుంది!

గీతలు నడుస్తున్నాయా? లేదు. గీతలు పళ్ళెమంతటా, అన్ని దిక్కులకూ ఉన్నాయి. కాని వెలుగుకు అడ్డంగా ఉన్న గీతలు మాత్రమే దాన్ని మన కంటికి పంపుతాయి. మిగిలినవి ఉన్నా కనబడవు. అందుచేత వెలుగు ఎక్కడ పడితే అక్కడ సున్నాలు చుట్టినట్టు అనిపిస్తుంది.

నల్లకారు బానెట్టు మీద ఎండ పడినప్పుడు కనిపించే సాలెగూడు కూడా ఇదే. రోడ్డు దుమ్ములో ఇసుక ఉంటుంది. ఇసుకలోని పలుగురాయి రంగుకన్న గట్టిది. ఆ దుమ్మును పొడిగుడ్డతో తుడిస్తే ప్రతి రేణువూ ఒక గీత గీస్తుంది.

ఈ గీతలను పోగొట్టటం ఎట్లా?

అనకాపల్లి జిల్లాలో చోడవరం అనే ఊరు ఉన్నది. 2022 దాకా అది విశాఖపట్నం జిల్లాలోది. స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి ఉన్న ఊరు. చుట్టూ చెరుకు తోటలు. అక్కడ ఒక కుర్రవాడు కార్లు కడిగే షెడ్డు పెట్టుకున్నాడనుకుందాం. కడగటంతో పాటు గీతలు తీసి మెరుగు పెట్టటం కూడా నేర్చుకుంటే నాలుగు రాళ్ళు వస్తాయని అతని ఆశ. బజారులో చూస్తే రకరకాల యంత్రాలు, రకరకాల ప్యాడ్లు! ఏది కొనాలి? తన డబ్బు పోతుందన్న భయం ఒక్కటే కాదు. కారు మరొకరిది. ఈ పనిలో పొరపాటు జరిగితే వెనక్కు తీసుకోవటానికి వీలు లేదు.

ఎందుకు వీలు లేదో చూడండి. పొలంలో చాలు పూడ్చాలంటే పక్కనుంచి మట్టి తెచ్చి పోస్తాం. రంగు మీద చాలు అట్లా పూడదు. చాలు ఎంత లోతు ఉన్నదో, చుట్టూ ఉన్న నేలను అంత లోతుకు దించాలి. అంటే గీత పోవటానికి రంగునే అరగదీయాలన్నమాట. మైనం వంటివి పూస్తే గీత కనబడకుండా దాక్కుంటుంది కాని, కొన్నిసార్లు కడిగేసరికి మళ్ళీ బయటపడుతుంది.

ఇప్పటి కార్ల రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద మరొక పూత, ఆపైన రంగు, అన్నిటికీ పైన నీళ్ళలా తేటగా ఉండే పూత ఉంటాయి. మెరుపంతా ఆ తేట పూతది. దాని మందం ఎంత? మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం పేరు మైక్రాను. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. తేట పూత సాధారణంగా 40, 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. వెంట్రుకకన్న పల్చన! ఎండలోని హానికరమైన కిరణాలు కింది రంగును పాడుచేయకుండా కాపాడేది కూడా అదే. అది మరీ పల్చబడితే కొంతకాలానికి తెల్లగా పొరలు లేచిపోతుంది. అప్పుడు మళ్ళీ రంగు వేయించటం తప్ప దారి లేదు.

పాత కార్లకు ఈ తేట పూత ఉండేది కాదు. 2014 దాకా మన దేశంలో తయారైన అంబాసిడర్ కార్లలో పాతవాటికి రంగే పై పూత. కనబడని మూల తెల్లగుడ్డతో కాస్త పాలిష్ రుద్ది చూస్తే తెలిసిపోతుంది. గుడ్డకు కారు రంగు అంటితే తేట పూత లేనట్టే.

మెరుగు పెట్టే విద్య ఆ ప్రాంతానికి కొత్తది కాదు. చోడవరానికి దక్షిణపు దిక్కున, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉన్నది. అక్కడి లక్కబొమ్మలు మీరు చూసే ఉంటారు. అంకుడు కర్రను తరిణె మీద గిరగిర తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వల్ల వేడి పుట్టి, లక్క కరిగి, కర్రకు పట్టుకుంటుంది. తరవాత మొగలి ఆకుతో అదిమి మెరుగు పెడతారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. చెట్ల గింజలు, బెరడు, వేళ్ళ నుంచి తీసే రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

తిప్పటం, అదమటం, వేడి - ఈ మూడే బొమ్మకూ కారుకూ మెరుగు తెచ్చేవి. కాని ఒక తేడా ఉన్నది. బొమ్మ దగ్గర వేడి చుట్టం. అది లేకపోతే లక్క కరగదు. కారు దగ్గర ఎక్కువ వేడి శత్రువు. అది తేట పూతను మెత్తబరచి కాల్చేస్తుంది.

ఇక యంత్రాల సంగతి. ఇవి ముఖ్యంగా రెండు రకాలు.

మొదటిది బొంగరం వంటిది. ప్యాడు ఒకే ఇరుసు మీద గిరగిర తిరుగుతుంది. దీన్ని రోటరీ అంటారు. ఒక లెక్క వేద్దాం. ప్యాడు అడ్డుకొలత 15 సెంటీమీటర్లు. నిమిషానికి 1,500 సార్లు తిరుగుతున్నది. అంచు ఒక్కచుట్టుకు 47 సెంటీమీటర్లు పోతుంది. సెకనుకు 25 చుట్లు. అంటే అంచు గంటకు సుమారు 42 కిలోమీటర్ల వేగంతో రుద్దుతున్నది! నడిమధ్య మాత్రం ఉన్నచోటనే ఉన్నది. రోటరీ లోతు గీతలను త్వరగా తీస్తుంది. కాని ఒకేచోట రెండు క్షణాలు ఎక్కువ ఆగితే వేడి ముదురుతుంది. చెయ్యి తిరగనివాడు పట్టుకుంటే పాత గీతలు పోయి, ఎండలో తళతళలాడే కొత్త సున్నాలు వస్తాయి.

రెండవది భూమి వంటిది. భూమి తన చుట్టూ తాను తిరుగుతూ సూర్యుడి చుట్టూ కూడా తిరుగుతుంది కదా! ఈ యంత్రంలో ప్యాడు చిన్న చిన్న సున్నాలు చుడుతూ, తన చుట్టూ తాను కూడా తిరుగుతుంది. దీన్ని డ్యూయల్ యాక్షన్ అంటారు. ఏ రేణువూ ఒకే దారిలో పదేపదే పోదు కనుక గుండ్రని గీతలు పడటం తక్కువ. వేడి కూడా నెమ్మదిగా పుడుతుంది. గట్టిగా అదిమినా, వాలుగా పట్టినా, చాలా యంత్రాలలో ప్యాడు తన చుట్టూ తాను తిరగటం మానేసి ఊరికే వణుకుతుంది. పని సాగదు కాని, రంగుకు ముప్పు తక్కువ. ప్యాడు తిరుగుతున్నదీ లేనిదీ తెలియటానికి వెనక ఉన్న పళ్ళెం అంచున పెన్నుతో ఒక గీత గీస్తే చాలు.

ఈ రకంలో 8, 15, 21 మిల్లీమీటర్ల సున్నా చుట్టేవి దొరుకుతాయి. పెద్ద సున్నా బానెట్టు, పైకప్పు వంటి చదునైన చోట త్వరగా పని చేస్తుంది. వంపులూ సందులూ ఉన్నచోట చిన్నదే మేలు.

కొందరు ఇనుము కోసే గ్రైండరుకే ప్యాడు బిగించి పని కానిద్దామనుకుంటారు. అది నిమిషానికి 11,000 సార్లదాకా తిరుగుతుంది. మనం వేసిన లెక్క ప్రకారం అంచు వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది! రంగు మాట అటుంచి, అంత వేగానికి తయారుకాని ప్యాడు చీలి ఎగిరితే మనిషికే ప్రమాదం.

యంత్రం ఎంత మంచిదైనా, రంగును తాకేది ప్యాడు. గొర్రె ఉన్ని ప్యాడు అన్నిటికన్న త్వరగా అరగదీస్తుంది. సన్నపోగు గుడ్డ ప్యాడు దాని తరవాతది. స్పాంజి ప్యాడ్లలో గట్టిది అరగదీయటానికి, నడిమిరకం నునుపు చేయటానికి, మెత్తనిది ఆఖరి మెరుగుకు. స్పాంజి రంగును చూసి మోసపోకూడదు. ఒక కంపెనీ ఎర్రది మెత్తన కావచ్చు, మరొక కంపెనీ ఎర్రది గట్టిది కావచ్చు. అందుచేత అది ఏ పనికో అడిగి తెలుసుకోవాలి. ప్యాడు వెనక పళ్ళేనికన్న కాస్త పెద్దదిగా ఉండాలి. లేకపోతే పళ్ళెం అంచే కారుకు తగులుతుంది.

ప్యాడు మీద వేసే పాలిష్ లో ఉండే పొడి ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడు. కెంపూ నీలమూ తయారైనది కూడా ఆ పదార్థంతోనే! మనం దాన్ని కురువిందం అంటాం. ఇంగ్లీషువారి ‘కోరండం’ అన్న మాట మన దక్షిణదేశపు భాషల నుంచి వెళ్ళినదే. గట్టిదనంలో వజ్రానికి 10 మార్కులు వేస్తే దానికి 9.

ఇప్పుడు షెడ్డు కుర్రవాడి దగ్గరికి వద్దాం. అతను మొదటి యంత్రంగా 15 మిల్లీమీటర్ల డ్యూయల్ యాక్షన్, దానికి 5 అంగుళాల పళ్ళెం కొంటే మంచిది. ప్యాడు ఒక్కటి చాలదు. తీసిన రంగు పొడి దానిలో చేరి బిగుసుకుంటే అదే కొత్త గీతలు గీస్తుంది. కనుక నడిమిరకం మూడు, మెత్తనివి రెండు, గట్టిది ఒకటి ఉంచుకుని, తరచు బ్రష్షుతో దులుపుతూ మారుస్తూ ఉండాలి.

పని మొదలుపెట్టే ముందు కారును బాగా కడగాలి. అంచుల దగ్గర పూత పల్చన కనుక టేపు అంటించాలి. ఒక జానెడు చోటు ఎంచుకుని, మెత్తని ప్యాడుతో ప్రయత్నించి చూడాలి. గీతలు పోతే అదే చాలు. పోకపోతేనే నడిమిరకం, అదీ చాలకపోతే గట్టిది. మధ్య మధ్య చేతి వెనకవైపుతో రేకును తాకి చూడాలి. చురుక్కుమంటే ఆపాలి. ప్లాస్టిక్ బంపరు వేడిని పక్కకు పంపలేదు కనుక అక్కడ మరీ జాగ్రత్త. గోటితో గీరితే గోరు తట్టుకునేటంత లోతు గీతను పూర్తిగా తీయాలని పట్టుబట్టరాదు. అట్లాంటిచోట “ఇది ఇంతవరకే పోతుందండీ” అని యజమానితో ముందే చెప్పటం మంచిది.

అన్నిటికన్న ముందు, మెకానిక్కు షెడ్డులో పారేసిన పాత బానెట్టు ఒకటి అడిగి తెచ్చుకోవాలి. దాని మీద కావాలని పూత పోయేదాకా రుద్ది చూడాలి. ఎంతసేపటికి వేడెక్కింది, ఎక్కడ ముందు పూత పోయింది అన్నది చేతికి తెలుస్తుంది. ఆ తరవాతనే మరొకరి కారు మీద చెయ్యి వేయాలి.