లాభములో మిగులునది, పద్దులో వ్రాయునది

వ్యాపారము పెట్టదలచినవారి నోట తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు: ముందు నాలుగు రాళ్లు వెనుకవేసికొని నిలదొక్కుకొందము, లోకమునకు పనికివచ్చు కార్యమును ఆ పిమ్మట తలపెట్టుదము అని. వినుటకిది వివేకముగనే తోచును. కాని పైకము కూడబెట్టుచున్నంతకాలము మనుష్యుడు ఏ పద్ధతికి అలవాటుపడునో, కూడబెట్టిన తరువాతను ఆ పద్ధతియే వానిని నడపును. మిగిలినదానితో చేయునది దానము. ఎంత మిగులునో తెలియకమునుపే పద్దులలో వ్రాసికొనునది ధ్యేయము. ఈ పద్దు కొందరికి ఖర్చులలో కనబడును, కొందరికి సరకు వెలలో కనబడును, కొందరికి కాటాపై కనబడును.

ఖర్చులలో దానిని వ్రాసికొన్నవారిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అగ్రగణ్యులు. కృష్ణా జిల్లాలో 1867లో జన్మించిన పంతులుగారు బొంబాయి చేరి, 1893లో అమృతాంజనమును నెలకొల్పి, తలనొప్పికి నుదుట రాచుకొను ఆ పసుపువన్నె లేపనమును సంగీతసభలలో ఉచితముగ పంచిపెట్టి జనులకు అలవాటు చేసిరి. ఆ లేపనముపై వచ్చిన ఆదాయముతో వారు మేడలు కట్టుకొని ఊరకుండవచ్చును. కాని బొంబాయిలోనే ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగ ఆరంభించి, 1914లో దానిని మద్రాసునకు తెచ్చి దినపత్రికగ వెలువరించి, 1924లో ‘భారతి’ మాసపత్రికను, 1926లో ఆంధ్రగ్రంథమాలను స్థాపించిరి. దినపత్రిక యనగా నేమి? లేపనము అమ్ముడైనను కాకున్నను, తెల్లవారునప్పటికి కాగితము, సిరా, అచ్చుకూటమువారి జీతము, విలేఖరుల బత్తెము సిద్ధముగ నుండవలసిన నిత్యవ్రతము. వీలున్నపుడు ఇచ్చెడి చందావంటిది కాదు. దేశోద్ధారకుడు, విశ్వదాత యని జనులు వారిని పిలిచినది చిల్లర పంచినందులకు కాదు, సంపాదనమీద ఇట్టి ఋణమును తమంతట తామే మోపుకొన్నందులకు.

వెలలో ధ్యేయమును వ్రాసినవారు శాంతా బయోటెక్నిక్స్ స్థాపకులు వరప్రసాద్ రెడ్డిగారు. కాలేయమును పాడుచేసి, కొందరిలో క్యాన్సర్‌కును దారితీయు హెపటైటిస్-బి వ్యాధికి టీకా అప్పటికే విదేశములనుండి వచ్చుచుండెను. వచ్చినను, దాని వెల సామాన్య కుటుంబమునకు అందునది కాదు. వృత్తిచే ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన రెడ్డిగారు 1993లో తల్లి పేరిట సంస్థను హైదరాబాదున ఆరంభించిరి. వైరస్ పైపొరలోని ఒక ప్రోటీన్‌ను తయారుచేయు జన్యువును ఈస్టు కణములో చేర్చి, ఆ కణములను పెంచి, వానినుండి ప్రోటీన్‌ను వేరుచేసి శుద్ధిచేసినచో, రోగము రానీయక రోగనిరోధకశక్తిని మేల్కొలుపు టీకా సిద్ధమగును. ఆ విధానముచే రూపొందిన ‘శాన్‌వాక్-బి’ 1997లో బజారునకు వచ్చినది. దిగుమతి సరకు వెలతో పోల్చిన దాని వెల స్వల్పము. ఖర్చు లెక్కించి వెల కట్టుట అందరును చేయునదే. పేదకుటుంబము ఎంత పెట్టగలదో ముందు తలచి, ఆ వెలకు సరిపడు విధానమును వెదకుట అరుదు.

అవి మహనీయుల మాటలు, చిన్న వర్తకునకు అంత చోటెక్కడిది యని సందేహించువారు, హైదరాబాదులో మెహిదీపట్నము చెంతనున్న గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌ను తెల్లవారకమునుపే చూడవలయును. బంతి, చామంతి, గులాబి సంచులు రాశులుపోయబడును. రైతు తెచ్చిన సరకును కమీషన్ ఏజెంటు అమ్మిపెట్టి, తన కమీషన్ పట్టుకొని, మిగిలినది చీటీ వ్రాసి ఇచ్చును. ఉదయము మంచి ధర పలికిన పువ్వు సాయంత్రమునకు వాడిపోవును గాన, రైతునకు బేరమాడు వ్యవధి లేదు. బతుకమ్మ, దసరా, దీపావళి దినములలో ధర ఆకాశమంటును. మూఢము వచ్చి పెండ్లిండ్లు ఆగినచో కోతకూలియు గిట్టదు. వానకు తడిసిన బంతి కాటాపై బరువు తూగును, కాని త్వరగ కుళ్లును. ఆ తడికై ఎంత తరుగు తీయవలెనో నిర్ణయించునది ఏజెంటే. పెట్టుబడికి అతనివద్ద అడ్వాన్సు తీసికొన్న రైతు, తరుగు అధికమని తోచినను నోరెత్తజాలడు. న్యాయమైన తరుగు, నాటి ధరనే చూపు చీటీ, నాడే చెల్లింపు: ఈ మూటిలో ఒక్కదానిని వ్రతముగ పట్టుకొన్న ఏజెంటునకు పత్రికయు టీకాయు అక్కరలేదు; అతని ధ్యేయము కాటావద్దనే కలదు. మూర కొలిచి పూలదండ అమ్ము స్త్రీ తన మోచేతినుండి వ్రేలి కొనవరకు దారమును నిండుగ సాచునో, వ్రేళ్లు కొంచెము ముడుచునో, ఆ రెండంగుళములలోనే ఆమె వర్తకనీతి యంతయు తెలియవచ్చును.

అట్లని లాభమును చిన్నచూపు చూచుట తగదు. లేపనము అమ్ముడుపోనిచో పత్రిక నిలువదు. అడిగినవారికెల్ల అడ్వాన్సులు పంచిన ఏజెంటు దుకాణము మూసికొన్నచో రైతులే నష్టపోవుదురు. కావున వ్యాపారము ఆరంభించువాడు పెద్ద సంకల్పములు పది చెప్పుకొనుటకంటె, తాను మోయగల భారమొక్కటి ఎన్నుకొని దానిని మొదటినాడే లెక్కలలోనికి ఎక్కించుట మేలు. అది నిజమైన ధ్యేయమా, పండుగనాటి అలంకారమా యని తెలిసికొనుటకు ఇతరుల నడుగవలసిన పనిలేదు. అమ్మకములు పడిపోయిన నెలలో ఖర్చుల పట్టికను ముందుంచుకొని, ఏ పద్దును మొదట కొట్టివేయుటకు చేయి పోవుచున్నదో చూచుకొన్న చాలును.