అల్వాల్ కుర్రాడు, దేశం మెచ్చిన దర్శకుడు

1988లో మన హాస్టల్ హాలులో ఒకే ఒక్క టీవీ ఉండేది. ఒకరు పైకెక్కి యాంటెన్నా తిప్పుతుంటే కిందినుంచి మిగతావాళ్ళం కేకలు వేసేవాళ్ళం. ఆ బొమ్మలోనే "భారత్ ఏక్ ఖోజ్" చూశాం. నెహ్రూ పుస్తకం ఆధారంగా 53 భాగాలుగా తీసిన సీరియల్ అది. హిందీ సగమే అర్థమయ్యేది గానీ, పరీక్షల్లో చరిత్ర మార్కులకు అదే అక్కరకొచ్చింది. తీసింది శ్యామ్ బెనెగల్ అని అప్పట్లో మాకు తెలియదు. ఆయన మన హైదరాబాదు మనిషని అసలే తెలియదు.

ఆయన 1934లో సికింద్రాబాదు పక్క తిరుమలగిరిలో పుట్టి, అల్వాల్‌లో పెరిగారు. తండ్రి ఫొటోగ్రాఫర్. ఆయన కెమెరాతోనే 12 ఏళ్ళ వయసులో మొదటి సినిమా తీశారు. నిజాం కాలేజీలో చదివి, బొంబాయి వెళ్ళి, ప్రకటనల కంపెనీలో రాతపనికి చేరారు. వందలకొద్దీ ప్రకటనలు, డాక్యుమెంటరీలు తీశారు. మనసులో మోస్తున్న కథకు మాత్రం ఏళ్ళ తరబడి నిర్మాత దొరకలేదు. చివరికి ప్రకటనల చిత్రాల పంపిణీదారులే డబ్బు పెట్టారు. అదే 1974 నాటి "అంకుర్".

ఈ సినిమా గురించి కాస్త వివరంగా చెప్పాలి. కిష్టయ్య మూగవాడు, చెవిటివాడు, కుండలు చేసేవాడు. సత్తు గిన్నెలు వచ్చాక కుండలు కొనేవాళ్ళు లేరు. భార్య లక్ష్మి దళిత స్త్రీ, దొర కొడుకు ఇంట్లో పనిమనిషి. ఆమె చేతి వంట తినడానికి ఆ చినదొరకు కులం అడ్డం రాలేదు. ఆమె కడుపులో బిడ్డకు తండ్రినని చెప్పడానికి మాత్రం ధైర్యం రాలేదు. పైగా తన తప్పు బయటపడిందన్న భయంతో, పని అడగడానికి వస్తున్న కిష్టయ్యను కొరడాతో కొట్టాడు. ఆఖరున ఒక పిల్లవాడు దొర ఇంటి కిటికీ మీద రాయి విసురుతాడు. ఆ రాయి మనలో చాలామంది చేతిలో ఉన్నదే. లక్ష్మిగా షబానా ఆజ్మీకి అది మొదటి చిత్రం. జాతీయ అవార్డు వచ్చింది. ఒక్కటే వెలితి: మన తెలంగాణ పల్లె కథను దక్కనీ హిందీలో చూడాల్సి వచ్చింది. తెలుగులో ఆయన తీసింది ఒక్కటే, 1978లో వాణిశ్రీతో "అనుగ్రహం".

1976 నాటి "మంథన్" సంగతి మరీ విచిత్రం. గుజరాత్‌లో 5 లక్షలమంది పాల రైతులు తలా 2 రూపాయలు వేసుకొని దానికి నిర్మాతలయ్యారు. విడుదలయ్యాక లారీలెక్కి వచ్చి తమ సినిమా తామే చూసుకున్నారు. 1987లో చేనేత కార్మికుల మీద "సుస్మన్" తీశారు. అంతకుముందు ఏడాదే దూరదర్శన్‌కు రైలు ప్రయాణం కథగా "యాత్ర" చేశారు. టీవీ అంటే చిన్నచూపు ఆయనకు లేదు.

2005 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నారు. 80 ఏళ్ళకు చేరువలో, 2014లో, రాజ్యసభ టీవీ కోసం రాజ్యాంగ రచనపై 10 భాగాల "సంవిధాన్" తీశారు. అందులో అంబేద్కర్‌గా సచిన్ ఖేడేకర్ నటించారు. 2024 డిసెంబరు 23న ముంబయిలో కన్నుమూశారు.

వార్డెన్ గారికి ఒక మనవి: ఈసారి వార్షికోత్సవం రాత్రి డ్యాన్సులు అయ్యాక, "సంవిధాన్" ఒక్క భాగమైనా పిల్లలకు వేసి చూపించండి. ప్రొజెక్టర్ అద్దె మా పాత బ్యాచ్ భరిస్తుంది.