ఎవరు ఎవరిని కొడతారు?

2024 మే 19, ఆదివారం. మనకింకా తెల్లవారలేదు. రియాద్‌లో అర్ధరాత్రి దాటి చాలాసేపైంది. పక్కవాటా కుర్రాడు, ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు, “మా ఇంట్లో చప్పుడైతే నాన్న కేకలేస్తాడు బాబాయ్” అంటూ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మా హాల్లోకి వచ్చి చాప మీద కూర్చున్నాడు. తెర మీద ఇద్దరు మనుషులు. ఒకరు టైసన్ ఫ్యూరీ. ఆరడుగుల తొమ్మిదంగుళాల ఎత్తు, 119 కిలోల బరువు. రెండో మనిషి ఒలెక్సాండర్ ఉసిక్. ఆరడుగుల మూడంగుళాలు, 101 కిలోలు. “తండ్రీ కొడుకుల్లా ఉన్నారు. ఆరో రౌండుకల్లా అయిపోతుంది” అన్నాడు కుర్రాడు. నేను ఉసిక్ అన్నాను. వాడు నా వైపు జాలిగా చూశాడు.

ఏడో రౌండు దాకా వాడి మాటే నెగ్గేలా ఉంది. ఫ్యూరీ కింది నుంచి లేపే అప్పర్‌కట్లు ఉసిక్ పొట్టలో దిగుతున్నాయి. ప్రతి దెబ్బకీ వాడు చాప మీద ఒక జానెడు ముందుకు జరుగుతున్నాడు. తొమ్మిదో రౌండులో ఉసిక్ ఎడమచెయ్యి ఫ్యూరీ ముఖం మీద నిండుగా పడింది. అంత మనిషీ కాళ్లలో పట్టు తప్పి ఈ తాడు మీంచి ఆ తాడు మీదికి తూలిపోయాడు. ఉసిక్ వెంటపడి కొడుతూనే ఉన్నాడు. ఫ్యూరీని తాళ్లే కింద పడకుండా ఆపాయి. రిఫరీ మధ్యలోకి దూరి అంకెలు లెక్కపెట్టాడు. ఆ వెంటనే గంట మోగింది. కుర్రాడు రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు.

పన్నెండు రౌండ్లూ అయ్యాక ఒక జడ్జి 114-113తో ఫ్యూరీ అన్నాడు. మిగతా ఇద్దరు 115-112, 114-113తో ఉసిక్ అన్నారు. రిఫరీ అంకెలు లెక్కపెట్టినందుకు తొమ్మిదో రౌండులో ఫ్యూరీకి అదనంగా ఒక పాయింటు పోయింది. ఆ పాయింటు పోకుండా ఉంటే మూడో కార్డు 114-114 అయ్యేది, పోరు డ్రాగా మిగిలేది. 1999లో లెనాక్స్ లూయిస్ తర్వాత హెవీవెయిట్‌లో అన్ని బెల్టులూ ఒక్క నడుముకి చేరడం మళ్లీ ఆ రాత్రే.

ఆ తెల్లవారుజాము నుంచి మా ఇద్దరికీ ఒకటే వాదన. ఎవరు ఎవరిని కొడతారు? లోకంలో హెవీవెయిట్ బాక్సింగ్ చూసేవాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది. పొద్దుపోక ఆడే ఆట అని కొందరు కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. ఈ క్రీడలో ఈ ప్రశ్నే ప్రాణం. దానికి రింగులో జవాబు రాకపోతే ఇద్దరు మనుషుల జీవితకాలపు కష్టానికి విలువ కట్టేవాళ్లే లేకుండా పోతారు.

కూడికలు పనికిరాని చోటు

మన ఊళ్లలో ఒక కథ చెప్పుకుంటారు. భీముడు, బకుడు, కీచకుడు, జరాసంధుడు, దుర్యోధనుడు సమాన బలులట. వీళ్లలో ఎవరు ముందు ఒకరిని చంపితే మిగతావాళ్ల చావూ ఆ చేతిలోనేనట. మా కుర్రాడి వాదన అచ్చం ఇదే. ఫలానా అతను ఫలానా అతన్ని కొట్టాడు, కాబట్టి అతని చేతిలో ఓడినవాళ్లందరినీ కొడతాడు అంటాడు. వినడానికి బాగానే ఉంటుంది. రింగులో మాత్రం నిలవదు.

1970ల నలుగురినే చూడండి. 1971 మార్చి 8న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జో ఫ్రేజియర్ తన ఎడమ హుక్‌తో పదిహేనో రౌండులో ముహమ్మద్ అలీని వెల్లకిలా పడేసి గెలిచాడు. 1973 జనవరిలో కింగ్‌స్టన్‌లో జార్జ్ ఫోర్‌మన్ అదే ఫ్రేజియర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు నేల కరిపించాడు. అదే ఏడాది మార్చిలో కెన్ నార్టన్ అలీ దవడ విరగ్గొట్టి గెలిచాడు. 1974 మార్చిలో ఆ నార్టన్‌ని కూడా ఫోర్‌మన్ కరాకస్‌లో రెండో రౌండులోనే ముగించాడు. ఇక కూడిక చేయండి. అలీని ఓడించిన ఇద్దరినీ ఫోర్‌మన్ చెరో రెండు రౌండ్లలో తుడిచేశాడు. 1974 అక్టోబర్ 30న కిన్షాసాలో అలీకి ప్రాణగండమేనని భయపడినవాళ్లు ఎందరో. అలీ తాళ్లకి ఆనుకుని, మోచేతులతో, ముంజేతులతో దెబ్బలు కాచుకుంటూ ఫోర్‌మన్ బలం కరిగిపోయేదాకా ఓపిక పట్టాడు. ఎనిమిదో రౌండులో పడిపోయింది ఫోర్‌మనే.

దీనికి కారణం ఉంది. ఫ్రేజియర్ వంగి, ముందుకు తోసుకొచ్చి కొట్టే మనిషి. పొడుగ్గా, నిటారుగా నిలబడి జాబ్ విసిరే అలీకి అలాంటివాడు చిక్కు. ఫోర్‌మన్‌కి మాత్రం తలొంచుకుని ఎదురొచ్చేవాడు దొరికితే పండగే. చేతికందే ఎత్తులో తల ఉంటే అతని అప్పర్‌కట్‌కి గురి వెతుక్కోనక్కర్లేదు. అలీ ఎదురెళ్లడు, ఊరుకోడు. అతని మీద విసిరిన ప్రతి పెద్ద దెబ్బా విసిరినవాడి ఊపిరినే తినేసింది. ఒకరి శైలి ఇంకొకరి శైలి మీద ఎలా పడుతుందన్నదే అసలు ప్రశ్న. బలం దాని తర్వాత.

బరువు సంగతీ చెప్పాలి. బాక్సింగ్‌లో మిగతా తరగతులన్నిటికీ పై హద్దు ఉంది. హెవీవెయిట్‌కి లేదు. 200 పౌండ్లు, అంటే దాదాపు 91 కిలోలు దాటితే చాలు, ఎంత బరువున్నా రావచ్చు. అందుకే వేర్వేరు కాలాల వాళ్లని కలిపి వాదించేటప్పుడు ఇక్కడ జాగ్రత్త కావాలి. ఆడిన 49 పోరాటాలూ గెలిచి రిటైరైన రాకీ మార్సియానో దాదాపు 84 కిలోల మనిషి. ఈ రోజుల్లో అయితే అతను ఒక తరగతి కింద, క్రూయిజర్‌వెయిట్‌లో ఆడేవాడు. మార్సియానోని ఫ్యూరీ ముందు నిలబెడదామంటే నా మనసొప్పదు.

కాలాలు కలపాలన్న ఆశ మాత్రం పాతదే. 1969లో ఒక సినిమా కోసం అలీనీ మార్సియానోనీ నిజంగానే ఒక గదిలోకి తెచ్చారు. అలీ అప్పటికి వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు బాక్సింగ్‌కి దూరమై ఉన్నాడు. మార్సియానో రింగు వదిలి పదమూడేళ్లైంది. ఆ సినిమా కోసం అతను బరువు తగ్గి, తలకి విగ్గు పెట్టుకుని వచ్చాడు. రకరకాల ముగింపులతో చిత్రీకరించి, ఎవరు గెలవాలో కంప్యూటర్‌ని అడిగారు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో చూపిన కథలో పదమూడో రౌండులో మార్సియానో నాకౌట్ చేశాడు. ఆ సంగతి తెలుసుకోవడానికి అతను లేడు. చిత్రీకరణ ముగిసిన కొద్ది వారాలకే, 1969 ఆగస్టు 31న, విమాన ప్రమాదంలో పోయాడు. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు కంప్యూటర్ జవాబు గుర్తుండదు. నలభై ఐదేళ్ల మనిషి ఆ ప్రశ్న కోసం మళ్లీ గ్లౌజులు తొడుక్కున్నాడన్నదే గుర్తుంటుంది.

ఒకే కాలంలో ఉండీ కలవనివాళ్లు

వేర్వేరు కాలాల వాళ్ల మాట వదిలేద్దాం. ఒకే కాలంలో, ఒకే బరువులో ఉండి కూడా ఎదురుపడనివాళ్ల సంగతే నన్ను ఎక్కువ బాధిస్తుంది.

హ్యారీ విల్స్ పేరు మనలో చాలామంది విని ఉండరు. న్యూ ఆర్లీన్స్‌లో పుట్టిన నల్లజాతి బాక్సర్. 1919 నుంచి 1926 దాకా జాక్ డెంప్సీ చాంపియన్‌గా ఉన్నన్నాళ్లూ అతనికి అసలైన పోటీదారు విల్సే. ఒప్పందాల మాట వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. పోరు జరగలేదు. ప్రమోటర్లకీ రాజకీయ నాయకులకీ నల్లవాడు చాంపియన్ అవుతాడేమోనన్న భయం. 1915లో జాక్ జాన్సన్ ఓడిపోయాక, 1937లో జో లూయిస్ వచ్చేదాకా ఇరవై రెండేళ్లపాటు ఏ నల్ల బాక్సర్‌నీ హెవీవెయిట్ టైటిల్ కోసం రింగులోకి రానివ్వలేదు. విల్స్ ఎదురుచూస్తూనే ముసలివాడయ్యాడు. డెంప్సీ గొప్పవాడని పుస్తకాలన్నీ రాస్తాయి. నేనూ ఒప్పుకుంటాను. ఎంత గొప్పవాడో తేల్చగలిగిన మనిషిని మాత్రం తలుపు బయటే నిలబెట్టారు.

క్యూబా బాక్సర్ టియోఫిలో స్టీవెన్సన్‌ది ఇంకో దారి. 1972, 1976, 1980 ఒలింపిక్స్‌లో వరసగా మూడు బంగారు పతకాలు. అలీతో ఆడితే లక్షల డాలర్లు ఇస్తామన్నారు. ప్రొఫెషనల్‌గా మారనన్నాడు. అతని నిర్ణయాన్ని నేను గౌరవిస్తాను, కానీ ఆ పోరు చూడలేకపోయామన్న వెలితి పోదు.

తర్వాతి రోజుల్లో జాతి అడ్డు పోయి డబ్బు అడ్డొచ్చింది. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో లెనాక్స్ లూయిస్ రెండో రౌండులోనే రిడిక్ బోని ఆపేశాడు. నాలుగేళ్లకి బో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. లూయిస్‌తో ఆడాల్సిన వంతు రాగానే డబ్ల్యూబీసీ బెల్టుని లండన్‌లో కెమెరాల ముందు చెత్తబుట్టలో పడేశాడు. ప్రొఫెషనల్ రింగులో వాళ్లిద్దరూ ఎప్పుడూ కలవలేదు.

మన కళ్లముందు జరిగినదీ అంతే. 2018లో ఆంథొనీ జాషువా దగ్గర మూడు బెల్టులు, డియోంటే వైల్డర్ దగ్గర ఒకటి. ఇద్దరూ అప్పటికి ఓటమి ఎరగరు. జాషువాకి 5 కోట్ల డాలర్లు ఇస్తామని వైల్డర్ వర్గం బహిరంగంగా చెప్పింది. మాటలు నెలల తరబడి నడిచి ఆగిపోయాయి. మళ్లీ 2023 డిసెంబర్ 23న రియాద్‌లో ఇద్దరినీ ఒకే రాత్రి వేర్వేరు ప్రత్యర్థుల మీద ఆడించారు, ఇద్దరూ గెలిస్తే కలుపుదామని. జాషువా గెలిచాడు. జోసెఫ్ పార్కర్ చేతిలో వైల్డర్ ఓడిపోయాడు. కలిపినా అప్పటికే ఐదేళ్ల ఆలస్యం.

ఫ్యూరీ-జాషువా కథ ఇంతకన్నా కష్టం. 2021 ఆగస్టులో సౌదీలో ఆడటానికి అంతా కుదిరింది. మేలో అమెరికాలో ఒక మధ్యవర్తి తీర్పు వచ్చింది, ఫ్యూరీ ముందు వైల్డర్‌తో మూడోసారి ఆడి తీరాలని. సెప్టెంబర్‌లో జాషువా ఉసిక్ చేతిలో ఓడాడు. ఇంగ్లండ్‌లో పుట్టిన ఇద్దరు పెద్ద హెవీవెయిట్లు, ఒకరికొకరు ఏడాది అటూఇటూ వయసువాళ్లు, 2025 ముగిసేనాటికి కూడా ఒకరికొకరు ఎదురు నిలవలేదు.

బెల్టులు నాలుగు సంస్థల చేతుల్లో ఉండటమే ఇందులో సగం చిక్కు. డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో. ఒక్కొక్కదానికీ తన వరస, తన తప్పనిసరి ప్రత్యర్థి. ఉసిక్ నాలుగూ గెలిచిన కొన్ని వారాలకే ఐబీఎఫ్ బెల్టు వదులుకోవాల్సి వచ్చింది. 2025 జూలైలో వెంబ్లీలో డేనియల్ డుబ్వాని ఐదో రౌండులో పడగొట్టి దాన్ని వెనక్కి తెచ్చుకున్నాడు. నవంబర్ వచ్చేసరికి డబ్ల్యూబీవో బెల్టు పోయింది. అది చేరింది ఫాబియో వార్డ్‌లీ నడుముకి. చిన్నప్పటి నుంచి జాతీయ శిబిరాల్లో పెరిగినవాడు కాదతను. ఉద్యోగం చేసుకుంటూ సరదాకి పోరాడే ఆఫీసువాళ్ల పోటీల్లోంచి వచ్చాడు. అతన్ని నేను తక్కువ చేయను. పాయింట్లలో వెనకబడి ఉన్న పోరుని పదో రౌండులో ఒక్క దెబ్బతో తిప్పినవాడు.

నేనైతే కబయెల్ అంటాను

మా వాదన ఈ మధ్య ఇద్దరి చుట్టూ తిరుగుతోంది. ఉసిక్ ముందు ఎవరిని నిలబెట్టాలి? కుర్రాడు మోజెస్ ఇటౌమా అంటాడు. 2004 డిసెంబర్‌లో స్లొవేకియాలో పుట్టి ఇంగ్లండ్‌లో పెరిగాడు, ఎడమచేతి వాటం. 2025 ఆగస్టులో రియాద్‌లో డిలియన్ వైట్ లాంటి అనుభవజ్ఞుణ్ని మొదటి రౌండులోనే కూల్చాడు. ఆ చేతుల వేగం నేనూ నోరు తెరుచుకుని చూశాను. కానీ ఉసిక్ లండన్ ఒలింపిక్స్‌లో బంగారం గెలిచిన రోజున ఈ అబ్బాయికి ఏడేళ్లు. ఆరు రౌండ్లు దాటాక, దెబ్బ తిన్నాక, ఊపిరి బరువెక్కాక ఎలా ఆడతాడో లోకం ఇంకా చూడలేదు. ఉసిక్ మనిషిని తేల్చేది ఆ రెండో సగంలోనే.

నేను అగిత్ కబయెల్ అంటాను. జర్మనీలో పుట్టిన కుర్దు కుటుంబపు బిడ్డ. బయటికి చూస్తే భయపెట్టే కండలు లేవు. దగ్గరికి జరిగి, మోచేతుల సందులోంచి పక్కటెముకల కింద, కాలేయం మీద కొడతాడు. తలకి తగిలితే మనిషి మత్తెక్కి కూలతాడు. కాలేయానికి తగిలితే మెలకువ ఉంటుంది, కళ్లు తెరిచే ఉంటాయి, కాళ్లు మాత్రం మాట వినవు. మఖ్ముదోవ్, శాంచెజ్, 2025 ఫిబ్రవరిలో చైనా మహాకాయుడు జాంగ్ జిలే, ముగ్గురూ కబయెల్‌కి అలాగే లొంగారు. జాంగ్ ఐదో రౌండులో అతన్ని పడేశాడు. లేచి, ఆరో రౌండులో పొట్టలో కొట్టి ముగించాడు.

2023 ఆగస్టులో వ్రోత్స్వాఫ్‌లో డుబ్వా కొట్టిన ఒక దెబ్బకి ఉసిక్ కింద పడి చాలాసేపు లేవలేకపోయాడు. నడుము పట్టీకి కింద తగిలిందని రిఫరీ కోలుకోవడానికి సమయం ఇచ్చాడు. పట్టీ మీదే తగిలిందని డుబ్వా వైపువాళ్ల వాదన. ఉసిక్ తొమ్మిదో రౌండులో గెలిచాడు. ఆ దెబ్బని నేను చాలాసార్లు ఆపి ఆపి చూశాను. కింద తగిలిందనే నా అభిప్రాయం. అయినా ఉసిక్‌ని పరీక్షించే మార్గం తలకి కాదు, నడుముకి దగ్గరగా ఉందన్న అనుమానం నాకు అప్పటినుంచే. దానికి జవాబు చెప్పగల మనిషి కబయెల్. ఉసిక్ 1987లో పుట్టాడు. కాలం అతని పక్షాన లేదు.

“ఇవాళ కాకపోతే వచ్చే ఏడాది పెడతారులే బాబాయ్” అన్నాడు కుర్రాడు మొన్న. నేను వాడి ల్యాప్‌టాప్‌లోనే ఒక పాత పోరు పెట్టాను. 2003 జూన్ 21, లాస్ ఏంజెలెస్. లెనాక్స్ లూయిస్ మీద విటాలీ క్లిచ్కో. మూడో రౌండులో లూయిస్ కుడిచేతి దెబ్బకి విటాలీ ఎడమకంటి పైన చర్మం చీలింది. రక్తం కంట్లోకి కారుతుంటే తుడుచుకుంటూ విటాలీ ముందుకే వస్తున్నాడు. ఆరు రౌండ్లయ్యాక డాక్టరు ఆ కన్ను చూసి ఆపేశాడు. విటాలీ చేతులూపుతూ వద్దు, వద్దని అరిచాడు. ముగ్గురు జడ్జీల కార్డుల్లోనూ అప్పటికి 58-56తో అతనే ముందున్నాడు. గెలుపు లూయిస్‌కి ఇచ్చారు.

కుర్రాడు లేచి కూర్చున్నాడు. “మరి మళ్లీ ఎప్పుడు ఆడారు?”

“ఆడలేదు. ఎనిమిది నెలలకి లూయిస్ రిటైరయ్యాడు.”

వాడు బొమ్మని వెనక్కి జరిపి ఆరో రౌండు మళ్లీ పెట్టాడు.