ఎడారి నారుమడిలో మన జమ్మి

దసరానాడు జమ్మి ఆకును బంగారమని పంచుకునే తెలుగువారికి ఒక సంగతి ఆశ్చర్యం కలిగించవచ్చు. అరబ్బులు గాఫ్ అని పిలిచే వృక్షం మన జమ్మియే. అరేబియా ద్వీపకల్పపు తూర్పు ఇసుకనేలల్లో అది సహజంగా పెరుగుతుంది. తల్హ్, సమ్ర్ అనే తుమ్మజాతులు, సిద్ర్ అనే రేగుజాతి చెట్టు కూడ ఆ గడ్డవే.

2021లో సౌదీ ప్రభుత్వం ప్రకటించిన హరిత పథకపు లక్ష్యం 1,000 కోట్ల చెట్లు. ఇంతటి కార్యానికి నర్సరీలే పునాది. సెలవుదినాన అక్కడ స్వచ్ఛందంగా చేయి కలిపేవారు మొదట నేర్వవలసినది గింజ స్వభావం. తుమ్మగింజ పెంకు నీటిని లోనికి రానీయదు. అల్పమైన జల్లుకే మొలిచి ఎండకు మాడిపోకుండ ప్రకృతి వేసిన తాళమది. గీకిగాని, వేడినీట నానబెట్టిగాని దానిని తెరవాలి.

ఎడారి మొక్క ఆకుకంటె ముందు వేరును పెంచుతుంది. జమ్మి వేరు 30 మీటర్ల లోతుకు సైతం దిగగలదు. పొట్టి సంచిలో ఉంచితే తల్లివేరు అడుగున చుట్టుకుపోతుంది. పైకి పచ్చగా కనబడిన ఆ మొక్కయే, నాటిన పిదప లోతున ఉన్న తేమ నందుకోలేక ఎండిపోతుంది. పొడుగుపాటి గొట్టాలు వాడేది అందుకే. నాటడానికి కొన్ని వారాల ముందునుండి నీరు క్రమంగా తగ్గిస్తారు. అప్పుడు జాలిపడి చెంబెడు నీళ్ళు అదనంగా పోయడం అపకారమే.

గింజలు ఏరేటప్పుడు మరొక మెలకువ అవసరం. జమ్మికి దగ్గర చుట్టమైన సర్కారు తుమ్మ అమెరికా ఖండంనుండి వచ్చి, మన చెరువుగట్ల నాక్రమించినట్లే సౌదీ వాగులలోనూ వ్యాపించింది. జమ్మిముళ్ళు కొమ్మ పొడుగునా చెదరి ఉంటాయి. సర్కారు తుమ్మ ముళ్ళు సాధారణంగా ఆకు మొదట జంటలుగా ఉంటాయి. పల్లెలలో కంపకొట్టిన చేతులకు ఈ భేదం వేరే చెప్పనక్కరలేదు.