పంపడమూ చికిత్సలో భాగమే

మనసు కలత చెందినవారు ఇంటి పెద్దనో, ఉపాధ్యాయునో, నమ్మిన వైద్యునో ఆశ్రయించి బాధ చెప్పుకోవడం మన ప్రాంతంలో అనాదిగా ఉన్నదే. ఆయుర్వేదం దీనికి సముచిత స్థానమిచ్చింది. చరక సంహితలోని సూత్రస్థానం చికిత్సను దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం అని మూడు విధాలుగా విభజించింది. అహితకరమైన విషయాల నుండి మనస్సును మరల్చి నిలపడమే సత్త్వావజయం. నేటి కౌన్సెలింగ్ దీనికి సన్నిహితమైనది.

అయితే మాటతో ఉపశమించే బాధలు కొన్ని, ఉపశమించనివి కొన్ని. రెండవ రకం వారిని నిపుణుల వద్దకు పంపడం చేతకానితనమని పలువురు సంకోచిస్తారు. ఆ సంకోచం వల్ల జరిగే కాలహరణమే రోగికి హాని చేస్తుంది.

శాస్త్ర సమ్మతి

కాయచికిత్సకు ప్రమాణమైన చరకమే, గుల్మం పక్వమైనప్పుడు చికిత్సాధికారం శస్త్రవైద్యులైన ధాన్వంతరీయులదని స్పష్టం చేసింది. నేత్రరోగాల ప్రస్తావనలోనూ, ఇతరుల అధికారంలోని విషయాన్ని విస్తరించలేదు.

ఇందుకు మదనపల్లెలోనే ఒక నిదర్శనం కలదు. క్షయరోగులకు ఎవరి ఆసుపత్రిలో వారు విడివిడిగా చికిత్స చేయడం కంటే, అందరూ కలిసి ఒక ప్రత్యేక వైద్యాలయం నడపడం మేలని దక్షిణ భారతంలోని పలు క్రైస్తవ మిషన్లు భావించాయి. డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో 1912లో ఆ పని ఆరంభమై, 1915లో ఆరోగ్యవరంలో స్థిరపడింది. తమ రోగిని మరొకరికి అప్పగించడం కర్తవ్యంలో భాగమన్న భావనే దానికి పునాది.

ఎవరిని పంపవలెను?

1. చావు ప్రస్తావన తెచ్చేవారిని అదే రోజు పంపాలి. ఒంటరిగా విడువరాదు. పురుగుమందులు, నిద్రమాత్రలు అందకుండా చేయాలి. "చనిపోవాలనిపిస్తున్నదా?" అని సౌమ్యంగా అడగవచ్చు. అడిగినందువల్ల లేని ఆలోచన పుడుతుందన్న భయం నిరాధారం.

2. ఎవరూ లేకున్నా మాటలు వినబడేవారు, నిష్కారణంగా అందరినీ అనుమానించేవారు, నిద్ర లేకున్నా అలసట లేక అతిగా ఉద్రేకపడేవారు. బాలింతలో ఈ లక్షణాలు కనబడితే క్షణం ఆలస్యం చేయరాదు.

3. నిత్యం అధికంగా మద్యం సేవించేవారు. హఠాత్తుగా మానితే రెండు మూడు రోజులలో వణుకు, మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణాపాయం ఏర్పడవచ్చు. వైద్య పర్యవేక్షణలోనే మాన్పించాలి.

4. రెండు వారాలకు మించి దిగులుతో ఆకలి, నిద్ర, పని మీద ఆసక్తి కోల్పోయినవారు. థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా ఇట్టి లక్షణాలు కలిగిస్తాయి కనుక రక్తపరీక్ష అవసరం.

ఎక్కడికి పంపవలెను?

మదనపల్లె, పుంగనూరు ప్రాంతాలవారు మొదట మదనపల్లె ప్రభుత్వ ఆసుపత్రిని సంప్రదించవచ్చు. కుప్పం వారికి స్థానికంగా పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది. జటిలమైన స్థితిలో బెంగళూరులోని నిమ్హాన్స్, వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాల అందుబాటులో ఉన్నాయి. కుప్పం రైలు మార్గంలోనే ఒకవైపు బెంగళూరు, మరొకవైపు వెల్లూరుకు చేరువైన కాట్పాడి ఉన్నాయి. 2022లో ఆరంభమైన టెలి మానస్ సేవ ద్వారా 14416 నంబరుకు ఫోను చేసి, ఏ వేళనైనా తెలుగులో ఉచితంగా సలహా పొందవచ్చు. ప్రాణాపాయ స్థితిలో దూరప్రయాణం తగదు. 108కు ఫోను చేసి సమీప ఆసుపత్రికే చేర్చాలి.

ఎట్లు పంపవలెను?

"ఇది నా వల్ల కాదు" అన్న మాట బాధితుని మరింత క్రుంగదీస్తుంది. "మీ బాధకు ఇంకొకరి సాయం కూడా కావాలి. వారిని చూసి వచ్చి నాకు చెప్పండి" అనాలి. అతని సమ్మతితో ఒక చిన్న ఉత్తరం వ్రాసి ఇవ్వాలి. అందులో బాధ ఎన్నాళ్లుగా ఉన్నది, ఏ లక్షణాలు కనబడినవి, ఏ మందులు వాడుతున్నారు అన్నవి చాలును. చికిత్సకు అవసరం లేని ఇంటి రహస్యాలు వ్రాయరాదు.

మూలికల పేర్లు తప్పక తెలపాలి. సర్పగంధ కొందరిలో దిగులును పెంచవచ్చు. రక్తపోటు మందులతో కలిస్తే పోటు మరీ పడిపోవచ్చు. అశ్వగంధ నిద్రమందుల మత్తును అధికం చేయవచ్చు. అట్లే మానసిక వైద్యుడు ఇచ్చిన మందులను ఆయనను అడగక హఠాత్తుగా మాన్పించరాదు.

పంపిన తరువాత వారం రోజులలో కుశలం విచారించాలి. వెళ్లారా, వెళ్లకుంటే అడ్డు ఏమిటి? ఛార్జీలా, తోడు లేకపోవడమా, నలుగురూ ఏమనుకొంటారోనన్న బిడియమా? ఆ అడ్డును తొలగించడం మాత్రం మొదట బాధ విన్నవారి పనే. పథ్యం, దినచర్య, నిద్ర, ధైర్యవచనం అనేవి నిపుణుని చికిత్సతో పాటు సాగవలసినవే. పంపినంత మాత్రాన బంధం తెగరాదు.