విప్పరాని మూట

కడపలోని తమ్ముడు మిష్రిఫ్‌లో ఉన్న అక్కకు ఒక మూట పంపాడనుకొందాం. తండ్రిగారి పెండ్లినాటి ఫోటోలు, ఆయన చేతివ్రాత ఉత్తరాల ప్రతిబింబాలు అన్నింటినీ ఒకే జిప్ ఫైలుగా కుదించి, చోటు చాలదని అసలు ప్రతులను తుడిచివేశాడు. మిష్రిఫ్‌లో తెరవబోతే “ఫైలు చెడినది” అన్న మాట తెరపై కనిపించింది. ఇప్పుడేమి చేయాలి?

ముందు కుదింపు ఏమిటో తెలియాలి. భూమి దస్తావేజులో యజమాని పేరు, తండ్రి పేరు, ఊరు ఒక్కసారి వ్రాసి, ఆపైన “సదరు” అని సరిపెడతారు. 1977లో అబ్రహాం లెంపెల్, జేకబ్ జివ్ ప్రతిపాదించిన పద్ధతి ఇటువంటిదే. ఒకసారి వచ్చిన వరుస మళ్ళీ వస్తే, అది ఎంత వెనుక ఉన్నదో, ఎంత పొడవో చెప్పే గుర్తు మాత్రమే ఉంచుతారు. పొదుపు ఉన్నచోటనే అపాయమూ ఉన్నది. దస్తావేజులో తొలి పేరే చెరిగిపోతే తరువాతి “సదరు”లన్నీ అర్థం కోల్పోతాయి గదా!

మూట కట్టేవేళ ప్రతి ఫైలుకూ 32 బిట్ల శేషం ఒకటి లెక్కగట్టి జతచేస్తారు. దీనినే సీఆర్‌సీ అంటారు. విప్పేటప్పుడు లెక్క సరిపోకుంటే ఫైలు చెడినట్లే. యాదృచ్ఛిక దోషం దీని కన్నుగప్పే అవకాశం సుమారు 429 కోట్లలో ఒకటి. అయితే ఇది దోషాన్ని పట్టగలదే కాని దిద్దలేదు.

రోగనిర్ణయానికి మొదటి సాధనం ఫైలు పరిమాణం. రెండు కంప్యూటర్లలోనూ బైట్ల సంఖ్యను పోల్చి చూడాలి.

వచ్చిన ఫైలు చిన్నదైతే ప్రసారం మధ్యలో ఆగినదని ఊహించవచ్చు. జిప్ విషయసూచిక ఫైలు చివర ఉంటుంది. తోక తెగితే సూచిక పోతుంది. కాని లోపలి ప్రతి ఫైలుకూ తనదైన శీర్షిక ఉన్నందున, మరమ్మతు సాధనాలు తెగినచోటుకు ముందున్న చిత్రాలను వెలికితీయగలవు.

వచ్చిన ఫైలు సుమారు 256వ వంతు పెరిగినదైతే కారణం వేరు. ఎఫ్‌టీపీ పద్ధతిలో “పాఠం”, “బైనరీ” అని రెండు విధాలున్నాయి. పాఠంగా పంపితే, పంక్తి ముగింపు అనుకొని 10 అన్న ప్రతి బైటుకు ముందు 13ను చేర్చే అవకాశమున్నది. పది లక్షల బైట్లలో ఇటువంటివి దాదాపు నాలుగువేలుంటాయి. ప్రతి 10కీ తప్పక చేర్చినట్లయితే, చేర్చినవాటిని తొలగించి ఫైలును యథాతథంగా పొందవచ్చు. దీనికి విరుద్ధంగా, 13ను తొలగించే మార్పు జరిగితే అది ఎక్కడెక్కడ ఉండేదో తెలిపే గుర్తు మిగలదు. రసాయన చర్యలవలెనే కొన్ని మార్పులు ద్విగతాలు, కొన్ని ఏకగతాలు!

పరిమాణం సమానమై శేషం మాత్రం తప్పితే పెన్‌డ్రైవ్‌నో, జ్ఞాపకశక్తి చిప్పునో, కేబుల్‌నో అనుమానించాలి. మూల ఫైలు మిగిలి ఉంటే వేరొక సాధనంపై మళ్ళీ నకలు తీసి, రెండుచోట్లా ఎస్‌హెచ్‌ఏ-256 ముద్రను సరిచూడాలి. జిప్‌లో ప్రతి ఫైలూ విడిగా కుదింపబడుతుంది కనుక సాధారణంగా ఒక చిత్రం చెడినా తక్కినవి దక్కుతాయి. అన్నింటినీ ఏకధారగా కుదించే పద్ధతులలో ఒక గాయం తరువాతివాటిని కూడ చెరచవచ్చు.

దీని సారాంశం ఒక్కటే. అవతలివారు మూట విప్పి, పరీక్షించి, “అన్నీ సరిగా ఉన్నవి” అని చెప్పేవరకు అసలు ప్రతులను తుడిచివేయరాదు. తమ్ముడు ఆ ఒక్క ఫోను పిలుపు కోసం ఆగి ఉంటే, తండ్రిగారి చేతివ్రాత ఒక మరమ్మతు సాధనం దయపై ఆధారపడి ఉండేది కాదు.