అంగడి తెరచిన చాలదు, త్రోవ తెలియవలెను

ఆత్రేయపురమున పూతరేకు తీయు చేతిని చూచినవారికి ఆ పని యెంత నేర్పుతో గూడినదో చెప్ప నక్కర లేదు. బోర్లించిన కుండ క్రింద మంట సమముగా నుండవలెను. బియ్యపు పిండి పలుచగా జారవలెను. అందు ముంచిన గుడ్డను కుండపై నొక్కసారి పరచి తీసినంతనే రేకు తేలవలెను. ఒక్క క్షణ మాలస్యమైన మాడును, తొందరపడిన చినుగును. తల్లి చేతినుండి బిడ్డ చేతికి వచ్చిన యీ నేర్పునకు 2023వ సంవత్సరమున భౌగోళిక సూచిక యను గుర్తింపు లభించినప్పుడు మేము మా యింటి శుభకార్యమువలె సంతసించితిమి.

అయిన నొక్క సంగతి మమ్ము చింతింపజేయుచున్నది. హైదరాబాదుననో అమెరికాలోనో కాపురమున్న మన బిడ్డ యొకతె పండుగకు పూతరేకులు తెప్పించుకొనదలచి సెల్ ఫోనులో వెదకునప్పుడు, మొదట కనబడు పేరు రేకు తీసిన యింటిదే కావలెనను నియమము లేదు. దూరపు నగరమున కూర్చుండి, కొని యమ్ము వర్తకుని పేరైనను కావచ్చును. అట్లైనచో మంట యెదుట కూర్చున్న తల్లికి కూలియు, నడుమవానికి లాభమును దక్కును. చట్టము పేరును కాపాడగలదు గాని, కొనువారిని మన వాకిటికి పిలుచుకొని రాజాలదు. ఆ పని మనమే చేసికొనవలెను. అది యెట్లో సోదరీమణులకు తెలుపుటకే యీ వ్యాసము.

కొత్తపేట దాపున నొక గృహిణి తన సరకునకై వెబ్ సైటు పెట్టించినదనుకొందము. సొగసైన రంగులు, పెద్ద పెద్ద బొమ్మలు కలవు. కాని పుట పేరు ‘హోమ్’ అని మాత్రమే యున్నది. ధరల పట్టిక బొమ్మగా నతికింపబడినది. ఊరి పేరు అక్షరములలో నెక్కడను లేదు. మాసములు గడచినను బేరము రాదు. లోపము పూతరేకులలో లేదు, పుటలో నున్నది. ఎందుకన, సెర్చి ఇంజనని మనము పిలుచు వెదకు యంత్రము మన సరకు రుచి చూడదు. మన మాటలు చదువును. ఈ యొక్క మాట మనసున నాటుకొన్నచో తక్కినవన్నియు సులభములు.

ఆ యంత్రము చేయు పని మూడు విధములు. మొదట లోకములోని పుటలను ఒకదాని వెంట నొకటిగా తిరిగి చదువును. పిమ్మట గ్రంథము చివర విషయసూచిక కూర్చినట్లు, ఏ మాట యే పుటలో గలదో వ్రాసి యుంచుకొనును. తుదకు మన మేదేని యడిగినప్పుడు, తగిన పుటల నేరి వరుసగా చూపును. 1998లో గూగుల్ సంస్థను స్థాపించిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను నిరువురు స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు ఈ వరుసకు ఒక చక్కని యుపాయము కనిపెట్టిరి. ఒక పుటకు ఇతర పుటలు త్రోవ చూపుచున్నచో, ఆ చూపువారు పెద్ద పేరున్నవారైనచో, దానికి విలువ హెచ్చు. పెండ్లి సంబంధము వెదకునప్పుడు మనము ఇరుగుపొరుగుల మాట వినుట లేదా? అందులోను పెద్దమనుష్యుల మాటకు బరువెక్కువ. ఇదియు నట్టిదే. నేడు దీనికి తోడు మరెన్నో లెక్కలు చేరినవి. 2024 నుండి గూగుల్ పుటపై యంత్రము తానే కూర్చిన సమాధానమును చూపుచున్నది. అయినను చదువుటకు మాట లుండవలెనను మొదటి సూత్రము మారలేదు.

కావున మొట్టమొదట కొనువారి మాటలేవో తెలిసికొనవలెను. తెలుగున పూతరేకులను పేరు ఒక్కటే. ఆంగ్లాక్షరములలో నా పేరు పలు రూపములు దాల్చును. కొందరు ‘ఓ’ అక్షరమును రెండుమార్లు వ్రాయుదురు. కొందరు ‘యు’ అక్షరము వ్రాయుదురు. కొందరు ‘హెచ్’ చేర్తురు, కొందరు విడుతురు. తెలుగెరుగనివారు ‘పేపర్ స్వీట్’ అని యడుగుదురు. వీనిలో ముఖ్యమైన వాటిని మన వర్ణనలో సహజముగా నిముడ్చవలెను. తెలుగు లిపిలో వెదకువారును గలరు గనుక తెలుగు పుటయు నొకటి యుండుట మేలు. మనకు తోచిన గొప్ప మాటలకంటె, ఫోనులో కొనువారు మన నడిగిన మాటలే మేలైనవి. ‘బెల్లముతో చేసినవి కలవా? ఎన్ని దినములు నిలుచును? బెంగుళూరునకు పంపుదురా?’ అని యడుగుదురు గదా. ఆ ప్రశ్నలను, వానికి సూటియైన సమాధానములను పుటలో వ్రాయుడు.

రెండవది పుట పేరు. వెదకినవారికి మొదట కనబడు నీలిరంగు పంక్తి సాధారణముగా నిదియే. ‘హోమ్’ అని కాక, ‘ఆత్రేయపురము బెల్లపు పూతరేకులు – మా యింటి తయారీ’ అని యున్నచో చూచినవారికి విషయము తెలియును. దాని క్రింద రెండు పంక్తుల వివరము చేర్చవలెను. బెల్లపువాటికి నొక పుట, చక్కెరవాటికి నొక పుట, బాదము జీడిపప్పు వేసినవాటికి నొక పుట వేరువేరుగా నుండుట మంచిది. అన్నిటిని ఒక్క గంపలో పోసిన, దేనిని వెదకువారికిని అది తిన్నగా చిక్కదు.

మూడవది బొమ్మలు. ధరలను, ఊరి పేరును, ఫోను నంబరును బొమ్మలలో మాత్రమే వ్రాసిన చాలదు, అక్షరములుగా నుండవలెను. ప్రతి బొమ్మకును వెనుక నొక చిన్న వర్ణన చేర్చు వీలు గలదు. కన్నులు కనబడనివారు ఫోనుచే చదివించుకొనునప్పుడు వినునదియు నదియే. బొమ్మలు మిక్కిలి బరువైనచో పుట తెరచుకొనుట కాలస్యమగును. వేచియుండలేక చూడవచ్చినవారు మరలిపోదురు. వెదకువారిలో పెక్కురు సెల్ ఫోనే వాడుదురు గనుక, పుటను మన ఫోనులో తెరచి, కన్ను చికిలింపక చదువగలుగుచున్నామో లేదో చూచుకొనవలెను.

నాలుగవది చిరునామా. గూగుల్ బిజినెస్ ప్రొఫైలు అను నుచిత వసతి గలదు. కొనువారు స్వయముగా వచ్చు దుకాణమైనను, మనమే వారి యిండ్లకు పోయి యందించు వ్యాపారమైనను అందు నమోదు కావచ్చును. ఇంటి చిరునామా లోకమునకు తెలియుట యిష్టము లేని స్త్రీలు, ఇంటివద్ద బేరము లేనిచో, దానిని మరుగుపరచి, సరకందించు ఊళ్ల పేర్లు మాత్రమే చూపవచ్చును. పూర్తిగా తపాలాచే పంపు వ్యాపారమునకు ఈ వసతి లేదు; వారికి తమ వెబ్ సైటే యాధారము. పేరు, ఊరు, ఫోను నంబరు అన్ని చోట్లను ఒక్కరీతిగా నుండవలెను. ఒకచోట రాజోలని, మరియొకచోట అమలాపురమని వ్రాసినచో యంత్రమే కాదు, మనుష్యులును తికమకపడుదురు. తిన్నవారిని అభిప్రాయము వ్రాయుడని యడుగుట తప్పు కాదు. అందులకు ప్రతిఫలముగా బహుమాన మిచ్చుట గూగుల్ నియమములకు విరుద్ధము.

ఆత్రేయపురము పేరు వాడుకొనువారు మరియొక సంగతి మరువరాదు. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టము ప్రకారము, నమోదైన పేరునకు అధికృత వినియోగదారులుగా తయారీదారులు తామును నమోదు చేయించుకొనవచ్చును. అట్టి నమోదు నున్నచో పుటలో స్పష్టముగా వ్రాయుడు. ఆహార భద్రతా సంస్థవారి పదునాలుగంకెల నంబరును గూడ చేర్చుడు. ఇవి కొనువారికి నమ్మకము కలిగించును.

ఇక మోసముల మాట. ‘పదివేలిండు, నెలలో గూగుల్‌లో మొదటి స్థానమున నిలిపెదము’ అని ఫోను చేయువారు గలరు. మొదటి స్థానమునకు హామీ యియ్యగలవా రెవ్వరును లేరని గూగుల్ సంస్థయే చెప్పుచున్నది. అట్టివారిలో కొందరు ఒక్క మాటనే నూరుమారులు పుటలో జొప్పింతురు. లేదా త్రోవ చూపు పుటలను వెలకు కొందురు. 2012లో గూగుల్ ఇట్టి కపటములను పట్టి వెనుకకు త్రోయు మార్పు తెచ్చినది. కనబడని కీలక పదముల పట్టికను తాము లెక్కింపమని 2009లోనే ప్రకటించినది. ఇంకను దానికై సొమ్మడుగువారిని నమ్మరాదు. పుట పేరును, పాస్ వర్డును ఎల్లప్పుడు మన చేతిలోనే యుంచుకొనవలెను. తాళపుచెవి పరుల కొంగున కట్టి సంసారము చేయజాలము గదా.

ఫలము వెంటనే రాదు. కొబ్బరిమొక్క నాటిన మరునాడే కాయ కోయలేమని కోనసీమ స్త్రీలకు మేము చెప్పవలెనా? వారములు, ఒక్కొక్కప్పుడు మాసములు పట్టును. ఆ లోపల గూగుల్ సెర్చ్ కన్సోల్ అను నుచిత సాధనమున, ఎవరే మాటలు వెదకి మన పుటను చూచిరో నెలకొకసారి పరికించి, కొరతలు దిద్దుకొనవచ్చును. ఆంగ్లము రాదని వెనుదీయ నక్కర లేదు. కళాశాలలో చదువు కొమార్తెనో కోడలినో ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. ఆమె మీటలు నొక్కును. మాటలు మీరు చెప్పుడు. రేకు తీయుటలోని మర్మము ఆమెకంటె మీకే బాగుగ తెలియును.

బండారులంక చీరలు నేయించువారికిని, అంబాజీపేట కొబ్బరినూనె యమ్మువారికిని, ఊరగాయలు పెట్టువారికిని ఈ సూత్రములే వర్తించును. మీరేమి చేయుదురో, ఎచ్చట చేయుదురో, ఎట్లు చేయుదురో కొనువారి మాటలలో నిజముగా వ్రాయుడు. ఈ రాత్రి వంటింటి పని ముగిసిన పిదప ఒక కాగితము తీసికొని, కొనువారు మిమ్మడిగిన పది ప్రశ్నలు వ్రాసి చూడుడు. అదియే మీ పుటకు మొదటి పంక్తి యగును.